సీటు కింద స్విచ్

మా కాలేజీ స్టోర్ రూమ్‌లో ఒక రైడ్-ఆన్ మోవర్ ఉంది. పైన కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి. మూడేళ్లుగా టార్పాలిన్ కిందే పడి ఉంది. వానాకాలంలో గ్రౌండ్‌లో గడ్డి మోకాలి దాకా పెరుగుతుంది, అందులో పాములు. కోసేదేమో బాబాయ్ ఒక్కడే, భుజానికి బ్రష్ కట్టర్ తగిలించుకుని. అందుకే సెలవుల్లో నేనూ, మెకానికల్ బ్రాంచ్ ఫ్రెండూ దాని పని పట్టాం. మీకూ ఇలాంటి బండి కనిపిస్తే పనికొస్తుందని రాస్తున్నా.

ముందే కీ తిప్పకండి. స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేశాకే బ్లేడ్ దగ్గర చెయ్యి పెట్టాలి. ఆయిల్ చూసి, ఇంజన్ మీది ఫ్యాన్ కవర్ విప్పండి. మాకు అందులో ఎలక గూడు దొరికింది! ఈ ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు, చల్లబరిచేది గాలే. గూడు అలాగే ఉంటే స్టార్టయినా వేడెక్కి పాడయ్యేది.

బాగున్న 12 వోల్టుల బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో 12.6 దాకా చూపించాలి. మాది 4 చూపించింది, చార్జింగ్ కూడా ఎక్కలేదు. కొత్తది పెట్టినా స్టార్టర్‌లో ఉలుకూ పలుకూ లేదు.

అసలు కథ ఇక్కడుంది. ఈ బండికి కొన్ని సేఫ్టీ స్విచ్‌లు ఉంటాయి. బ్రేక్ తొక్కాలి, బ్లేడ్ ఆఫ్‌లో ఉండాలి, కొన్ని మోడళ్లలో సీటు మీద మనిషి కూడా ఉండాలి. లేకపోతే స్టార్టర్‌కి కరెంటే వెళ్లదు. ఆ వైర్లు కలిపేస్తే సరిపోతుందని చెప్పే వీడియోలు బోలెడు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. బ్లేడ్ తిరుగుతుండగా మనిషి కిందపడితే ఇంజన్‌ని ఆపేది సీటు కింద స్విచ్చే. కోడ్‌లో ఎర్రర్ చెక్ తీసేసి "వర్క్ అవుతోంది" అన్నట్టే, కాకపోతే ఇక్కడ పోయేది కాలు. మల్టీమీటర్‌ని కంటిన్యుయిటీలో పెట్టి ఒక్కో స్విచ్ నొక్కి చూశాం. బ్రేక్ స్విచ్ మాత్రం బీప్ అనలేదు. లోపలంతా తుప్పు. మార్చేశాం.

ఇక పెట్రోల్. అందులో కలిపే ఇథనాల్ తేమని లాక్కుంటుంది, ఏళ్లు నిలవుంటే పెట్రోల్ జిగురులా మారి కార్బొరేటర్ జెట్‌ని మూసేస్తుంది. ట్యాంక్ ఆరుబయట ఖాళీ చేసి, జెట్ రంధ్రంలో వైరులోని సన్నటి రాగి పోగు దూర్చాం. ఇనుప సూది వాడితే రంధ్రం పెద్దదైపోతుంది.

కొత్త ప్లగ్, తాజా పెట్రోల్, మూడోసారికి ఇంజన్ లేచింది. కాసేపు తెల్లపొగ వచ్చి తగ్గింది. బండి మాత్రం కదల్లేదు, డ్రైవ్ బెల్ట్ నిండా పగుళ్లు. దాని నంబర్ చూసుకుని ఆర్డర్ పెట్టాం.