చౌక ధర – దాని భారమును మోయువారు

బజారులో ఒక వస్తువు చౌకగా దొరకినప్పుడు కొన్నవానికి సంతోషము కలుగుట సహజము. ఆ తగ్గిన రూపాయి ఎవరి చేతినుండి తగ్గినదను ప్రశ్న మాత్రము సాధారణముగ ఎవరికిని తోచదు. అంగడివాడు తన లాభమును తగ్గించుకొని యిచ్చినచో అది అతని ఔదార్యము. వృథావ్యయమును మానుకొని యిచ్చినచో అది అతని నేర్పు. అట్లుగాక, తనకు సరకునిచ్చువానిని ఒత్తిడి చేసి తగ్గించినచో ఆ చౌక మరియొకని కాయకమునుండి తీసినదగును. ఈ భేదమును గ్రహించుటకు అమెరికాలోని వాల్‌మార్ట్ సంస్థ చరిత్ర మిక్కిలి ఉపకరించును.

శాం వాల్టన్ అను వర్తకుడు 1962లో ఆర్కన్సా రాష్ట్రమునందలి రోజర్స్ పట్టణమున మొదటి వాల్‌మార్ట్ అంగడిని తెరచెను. తక్కువ లాభమునకు ఎక్కువ సరకు అమ్మవలెననునది ఆయన సూత్రము. దుబారాను మానుట, సొంత గిడ్డంగులనుండి సొంత లారీలలో సరకు చేరవేయుట, లెక్కలకు కంప్యూటర్లను వాడుట మొదలగు పద్ధతులవలన ధరలు నిజముగనే తగ్గెను. సామాన్య కుటుంబములకు దానివలన మేలు కలిగెననుట కాదనరాని సత్యము. ఇది నేర్పువలన వచ్చిన చౌక.

అయితే సంస్థ పెరిగినకొలది బేరము తీరు మారెను. పదిమందికి అమ్ముకొను ఉత్పత్తిదారుడు అందులో ఒకడు వద్దన్నను బ్రతుకగలడు. తన సరకులో మూడవవంతో నాల్గవవంతో ఒక్కరికే అమ్మువాడు, ఆ యొక్కరు వద్దన్నచో కర్మాగారమునే మూసికొనవలసి వచ్చును. అట్టి స్థితిలో కొనువాడు చెప్పినదే ధర. అదే వస్తువును ఏటేట తక్కువకిమ్మని కోరుట, తగ్గింపు అమ్మకముల ఖర్చును సరకునిచ్చువానిపై వేయుట, అమ్ముడుపోని సరకును త్రిప్పిపంపుట, సొమ్ము చెల్లింపులో జాప్యము చేయుట అనునవి పెద్ద అంగళ్లు సాధారణముగ వాడు సాధనములు.

వ్లాసిక్ అను ప్రసిద్ధ ఊరగాయల కంపెనీ అనుభవము ఇందుకొక ఉదాహరణము. 1990వ దశాబ్దపు చివరిభాగమున ఆ కంపెనీవారి దోసకాయ ఊరగాయ గాలను జాడీని, అనగా సుమారు 3.8 లీటర్ల జాడీని, వాల్‌మార్ట్ 2 డాలర్ల 97 సెంట్లకు అమ్మసాగెను. అమ్మకము విపరీతముగ పెరిగెను. కాని జాడీ ఒక్కింటికి కంపెనీకి మిగిలినది ఒకటి రెండు సెంట్లు మాత్రమే. లాభము తెచ్చు చిన్న సీసాల అమ్మకము పడిపోయెను. ధర పెంచనిండని కోరగా, అట్లయినచో మీ ఇతర సరకును గూడ కొనమను జవాబు వచ్చినదని అచట పనిచేసినవారు తరువాత వెల్లడించిరి. 2001లో వ్లాసిక్ దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించెను. ఆ పతనమునకు ఇతర కారణములును కలవు. అయినను, సరకెంత ఎక్కువగా అమ్ముడైన అంత బలహీనపడు స్థితి కూడ నుండునని ఈ జాడీ తెలుపుచున్నది.

ధర ఏటేట తగ్గవలెనన్నచో మొదట తగ్గునది వృథా. అది మేలే. వృథా తీరిన పిమ్మట రేకు పలుచనగును, దారము నాసిరకమగును, కుట్లు తగ్గును. అవియును తగ్గించిన పిమ్మట మిగిలినవి కూలియు, పనివాని క్షేమమును. బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపమున సావార్‌లోని రానా ప్లాజా అను ఎనిమిదంతస్తుల భవనము 2013 ఏప్రిల్ 24న కూలి 1,100 మందికి పైగా మరణించిరి. అందలి కర్మాగారములు పాశ్చాత్యదేశముల అంగళ్లకు చౌక దుస్తులు కుట్టుచుండెను. ముందురోజుననే గోడలు బీటలు వారెను. క్రింది అంతస్తులోని బ్యాంకు మూతపడెను. దుస్తులు కుట్టువారిని మాత్రము మరునాడు పనిలోనికి రప్పించిరి. భవన యజమాని దోషము స్పష్టమే. కాని గడువు తప్పినచో ఆర్డరు పోవునను భయము కర్మాగారముల వారిని అనుక్షణము వెంటాడుచుండెనను విషయమును మరువరాదు.

వద్దనగల ధైర్యము చూపినవారును కలరు. పచ్చిక కోయు యంత్రములను చేయు స్నాపర్ కంపెనీ అధిపతి జిమ్ వియర్ 2002లో స్వయముగ వాల్‌మార్ట్ కార్యాలయమునకు పోయి, ఇక తమ యంత్రములను వారికి అమ్మబోమని చెప్పెను. చాలకాలము మన్నునట్లు చేసిన యంత్రమును, దానిని మరమ్మతు చేయగల చిన్న వర్తకులద్వారా అమ్ముటయే తగినదని ఆయన తలచెను. ఆ కంపెనీ తరువాత చేతులు మారినది. అయినను నాణ్యతను కాపాడుకొనుటకై పెద్ద ఆర్డరును వదలుకొనుట సాధ్యమేనని ఆ నిర్ణయము చూపెను. వాల్‌మార్ట్ వాటా తన వ్యాపారములో అయిదవవంతుకు లోబడియుండుటవలననే ఆయన వద్దనగలిగెనని గూడ గమనింపవలెను.

అందరికిని అట్టి అవకాశము లేదు గనుక చట్టము తోడ్పడవలెను. బ్రిటనులో పెద్ద కిరాణా సంస్థలు సరకునిచ్చువారితో న్యాయముగ మెలగుచున్నవో లేదో చూచుటకు 2013లో ప్రత్యేకాధికారిని నియమించిరి. టెస్కో సంస్థ తన లెక్కలు మెరుగుగ కనబడుటకై సరఫరాదారుల సొమ్మును తెలిసియే జాప్యము చేసినదని 2016లో ఆ అధికారి తేల్చెను. భారతదేశమున 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదైన చిన్న ఉత్పత్తిదారునకు కొనువాడు సొమ్మును, ఒప్పందమున్నను, 45 దినములకు మించకుండ చెల్లించవలెను. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిచో గడువు 15 దినములే. గడువు మీరినచో బ్యాంకు రేటునకు మూడురెట్లు చొప్పున చక్రవడ్డీ పడును. చిన్న పరిశ్రమలు నడుపు కుటుంబములు తప్పక తెలిసికొనవలసిన హక్కు ఇది. ఒక్క కొనుగోలుదారునిపైననే ఆధారపడకుండుట అంతకంటె పెద్ద రక్షణ.

ఇక కొనువారి విషయము. చౌకను వెదకుట దోషము కాదు. తక్కువ ఆదాయముగల ఇల్లాలికి అది అవసరము. కాని ఒక సంవత్సరమునకే చిరుగు వస్త్రమును నాలుగుమారులు కొనుటకంటె, నాలుగేండ్లు మన్ను వస్త్రమును తగిన ధరకు ఒకమారు కొనుట పెక్కు సందర్భములలో పొదుపే. ధరచీటిపై నున్న అంకె కొన్నవాడు ఇచ్చినదానిని మాత్రమే చెప్పును. దానిని చేసినవానికి ఎంత ముట్టినదో ఆ చీటిపై నుండదు. దానిని అడిగి తెలిసికొనుటయు గృహస్థుని ధర్మములోనిదే.