చిన్న పని – పెద్ద నెమ్మది



గృహమునందు నెమ్మది లేనప్పుడు ఏమి చేయవలెనని అడిగినచో, పెద్దలు ప్రార్థన చేయుమందురు. వైద్యులు చక్కగా నిద్రపొమ్మందురు. స్నేహితులు కొంతసేపు బయట తిరిగి రమ్మందురు. ఈ మూడును మంచివే. వీనితోపాటు మఱియొక సాధనము మన యింటనే, తలుపు మూలనే యున్నది. అది చీపురు. దాని ప్రక్కనే నీళ్ల బకెట్టును, తుడుపుగుడ్డయు నున్నవి. వీనిని మనము పనిముట్లుగానే యెంచుదుము గాని, మనస్సునకు మందుగా నెంచము.

ఈ పాఠమునందు మేము చెప్పదలచినది ఒక్క సంగతి. మనస్సు కలతచెందిన వేళ, కొద్ది నిమిషములలో ముగియునట్టి చిన్న యింటిపని నొకదానిని ఎన్నుకొని, దానిని తుదముట్ట చేసిన యెడల, ఆ యింటను, ఆ హృదయమునందును కొంత నెమ్మది కలుగును. అయితే ఆ పని నెవరు చేయుచున్నారను ప్రశ్న కూడ దీనితో ముడివడియున్నది. దానిని కడపట విచారింతము.

1. వరద నేర్పిన పాఠము

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రిని హైదరాబాదు నగరవాసులు మరువజాలరు. ఒక్క దినములో 19 సెంటీమీటర్లకు పైగా వర్షము కురిసెను. సరూరునగరు చెరువు పరిసరములందలి కాలనీలును, పాతబస్తీలోని పెక్కు వీధులును జలమయములయ్యెను. సైదాబాదులో మా వీధిలోనికిని నీరు వచ్చెను. మా యింట మోకాలిలోతు నిలిచి, మరునాటికి గాని తీయలేదు. నీరు తీసిన పిదప మిగిలినది బురద. బియ్యపు డబ్బాలో బురద. పిల్లల పుస్తకముల సంచులలో బురద. పరుపులు తడిసి లేవనెత్త శక్యము గాకుండెను.

మేము గుమ్మమునందు నిలిచి ఆ దృశ్యము చూచి, ఏమియు చేయలేక, ఇంటివారిమీద కోపపడ నారంభించితిమి. ఫలానా పెట్టె పైకెత్తవలసినదని ఒకరు, ముందుగా చెప్పవలసినదని మఱియొకరు. పిల్లలు ఏడ్వసాగిరి. అప్పుడు డెబ్బది యేండ్ల మా తల్లిగారు కొంగు నడుమునకు చెక్కి, వంటయింటి గట్టుకడకు పోయి, "ఇల్లంతా చూడకు నాయనా, ఈ గట్టు చూడు" అని చెప్పి, ఒక చెంబెడు నీళ్లు తెమ్మనిరి. ఇరుగుపొరుగువారి డాబామీది తొట్టినుండి నీరు తెచ్చితిమి. ఆమె గట్టు కడిగిరి. మేము గ్యాసుపొయ్యి తుడిచితిమి. ఇరువది నిమిషములలో ఆ మూడడుగుల మేర శుభ్రమయ్యెను. దానిమీద టీ కాచి అందరమును త్రాగితిమి.

ఇల్లు మునుపటివలెనే యుండెను. బురద తక్కిన గదులలో అట్లే యుండెను. అయినను ఎవరును మరల కేకలు వేయలేదు. పెద్దవాడు తానుగా లేచి, "నేను మెట్లు కడిగెద" ననెను. చిన్నది తడిసిన పుస్తకముల పుటలను విడదీసి ఎండలో నుంచెను. ఆ యిల్లు పూర్తిగా బాగుపడుటకు మూడు వారములు పట్టెను. కాని నెమ్మది మాత్రము ఆ గట్టుమీదనుండియే మొదలయ్యెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఈ నగరములో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలు తీసికొనబడెను. 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియయ్యెను. నదులకు అడ్డుకట్టలు కట్టుట ప్రభుత్వముల పని. అట్టి పనులు జరుగవలెనని పౌరులు అడుగుటయు ధర్మమే. కాని మన పొయ్యిగట్టును కడుగుట మాత్రము మన పనియే. మన చేతిలో లేనివాని యెదుట నిలిచి వడకునప్పుడు, మన చేతిలో నున్నదానిని పట్టుకొనుట వివేకము.

2. ఇట్లేల జరుగును?

మొదటి కారణము, చిన్న పనికి అంతము గలదు. చింతకు అంతము లేదు. అప్పు ఎప్పుడు తీరునో, పరీక్ష ఏమగునో, రోగి ఎప్పుడు లేచునో మనకు తెలియదు. అంట్లు తోముట యెప్పుడు ముగియునో మనకు తెలియును. ఆఖరి గిన్నె బోర్లించినప్పుడు, "నేను ఒకటి మొదలుపెట్టి ముగింపగలిగితిని" అని మనస్సు తనకు తానే సాక్ష్యమిచ్చుకొనును.

రెండవ కారణము, చేతులు ఒక పనిలో నుండగా ధ్యాసయు అచ్చట నిలుచును. 2015లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు 51 మంది విద్యార్థులచేత గిన్నెలు కడిగించి ఒక పరీక్ష చేసిరి. కొందరికి సబ్బు వాసనను, నీటి వెచ్చదనమును, గిన్నె స్పర్శను గమనించుచు కడుగవలెనని చెప్పిరి. వారిలో మానసికమైన ఆందోళన 27 శాతము తగ్గినట్లు తేలెను. ఊరక కడిగినవారిలో అట్టి మార్పు కనబడలేదు. కాబట్టి పని మాత్రమే చాలదు. పనియందు ధ్యాస యుండవలెను. చేయి గిన్నెమీదను, మనస్సు పొరుగింటి తగవుమీదను ఉన్నయెడల గిన్నె మాత్రమే శుభ్రపడును.

మూడవ కారణము, మన కన్నులకు విశ్రాంతి కావలెను. 2010లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో, అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమందలి 60 మంది భార్యాభర్తలు తమ యిండ్లను చూపుచు వర్ణించిరి. ఇల్లు చిందరవందరగా నున్నదనియు, ముగియని పనులు మిగిలియున్నవనియు అధికముగా చెప్పిన స్త్రీలయందు, ప్రొద్దుటినుండి సాయంకాలము వరకు తగ్గవలసిన ఒత్తిడి రసము తగినట్లు తగ్గలేదు. ఇందు ఏది కారణమో, ఏది కార్యమో నిశ్చయించి చెప్పజాలము. అలసినవారికే ఇల్లు చిందరవందరగా కనబడవచ్చును. అయినను ఇంటి స్థితికిని మనస్స్థితికిని సంబంధము గలదని మాత్రము దీనివలన గ్రహింపవచ్చును.

మన గ్రంథమునందును ఇంటిపనికి గౌరవస్థానమున్నది. లూకా సువార్త పదునైదవ అధ్యాయములో, పది నాణెములలో ఒకటి పోగొట్టుకొన్న స్త్రీ ఏమి చేసెను? దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకెను. ప్రభువు పరలోక సంతోషమును తెలుపుటకు ఒక చీపురుపట్టిన స్త్రీని ఉపమానముగా గైకొనెను. పదునేడవ శతాబ్దమున పారిసు నగరపు మఠములో లారెన్సు అను సహోదరుడుండెను. వంటయింటి పని స్వభావముచేత ఆయనకు మిక్కిలి అయిష్టము. అయినను సుమారు 15 యేండ్లు ఆ పనినే దేవుని సన్నిధిలో చేయుచున్నట్లు చేసి, ప్రార్థనవేళ యెట్టి శాంతి కలుగునో, గిన్నెల చప్పుడు నడుమను అట్టి శాంతినే పొందెను.

3. పని నెన్నుకొను విధము

ఇల్లంతయు ఒక్కనాడే సర్దవలెనని పూనుకొనరాదు. అట్లు పూనుకొన్నవారు అటకమీది సామానంతయు క్రిందికి దించి, మధ్యాహ్నమునకు అలసి, మునుపటికంటె ఎక్కువ గందరగోళములో కూర్చుందురు. పది నిమిషములకు మించని పనినే యెన్నుకొనవలెను. ఒక్క స్థలమునే యెన్నుకొనవలెను. ముగించిన పిదప ఒక నిమిషము దానిని చూచి సంతోషింపవలెను.

మన సైదాబాదు గృహములకు తగిన పనులు కొన్ని: గుమ్మముకడ చెప్పులను వరుసగా నుంచుట, దండెము మీది ఎండిన బట్టలను మడుచుట, పుస్తకముల గూటిలో ఒక్క అరను తుడుచుట, మాదన్నపేట మండినుండి తెచ్చిన కొత్తిమీరను ఏరి గుడ్డలో చుట్టుట, నల్లా వచ్చు దినమున త్రాగునీటి బిందెను తోమి నింపుట, మంచము దిగినవెంటనే దుప్పటి మడుచుట. ఇవి ఆరేండ్ల బిడ్డయు, అరువదియేండ్ల తాతగారును చేయదగినవి.

వీనిలో ఒకటి నెమ్మదితోపాటు ప్రాణరక్షణయు చేయును. అది వారమునకొకమారు నీటిపాత్రలను ఒలుకబోయుట. 1897వ సంవత్సరము ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమి పెరుగుచున్నట్లు కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. డెంగీని వ్యాపింపజేయు దోమ వేరుజాతిది. అది మురికికాలువలలోకంటె మన యింటి పరిశుభ్రమైన నీటిలోనే, అనగా కూలరులోను, పూలకుండీ క్రింది పళ్లెములోను, మూతలేని డ్రమ్ములోను పెరుగును. గ్రుడ్డునుండి దోమయగుటకు ఇంచుమించు వారము పదిదినములు పట్టును గనుక, వారమునకొకమారు నీరు పారబోసినచో ఆ వరుస తెగిపోవును. ఆ గ్రుడ్లు పాత్ర గోడలకు అంటుకొని యుండును గనుక, పారబోసిన పిదప పీచుతో తోముటయు అవసరము.

2020 మే మాసములో తెలంగాణ పురపాలకశాఖ ప్రతి ఆదివారము పదిగంటలకు పది నిమిషములు ఈ పనికై వినియోగింపుడని ప్రజలను కోరెను. ఆ వేళకు మనలో పలువురము ఆరాధనలో నుందుము గనుక, శనివారము సాయంకాలమునే ముగించుకొందము. పది నిమిషముల ప్రమాణము మాత్రము మిక్కిలి తగినది.

4. ఈ పని ఎవరిది?

ఇప్పుడు కడపటి ప్రశ్నకు వచ్చెదము. 2019లో భారతప్రభుత్వపు గణాంకశాఖవారు దేశమంతట ప్రజలు తమ కాలమును వినియోగించు విధమును లెక్కించిరి. వేతనములేని యింటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, చేయు పురుషులు 97 నిమిషములును వానికై వెచ్చించుచున్నట్లు తేలెను. అంతేకాదు, నూటికి 81 మంది స్త్రీలు ఈ పనులలో పాల్గొనగా, పురుషులు 26 మంది మాత్రమే పాల్గొనిరి.

ఈ లెక్క చదివినప్పుడు మేము సిగ్గుపడితిమి. అనేక సంవత్సరములు మేము పాఠశాలనుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, సర్దియుంచిన గదిలో కూర్చుండి, "మా యిల్లు ఎంత ప్రశాంతము" అని చెప్పుకొంటిమి. ఆ ప్రశాంతత ఎవరి నడుమునొప్పివలన కలుగుచున్నదో విచారింపలేదు. ఒకరి అలసటతో కొన్న నెమ్మది ఇంటికంతటికిని చెందిన నెమ్మది కాదు. ఇప్పుడు రాత్రి భోజనపు అంట్లు తోముట మా వంతు. మొదటి నెలలో రెండు గాజుగ్లాసులు పగిలినవి. ఇప్పుడు ఆ అరగంట మాకు దినమంతటిలో మిక్కిలి నెమ్మదియైన వేళ. మా భార్యయు అప్పుడు వార్తాపత్రిక చదువుకొనుచున్నది.

కనుక బాలురారా, ఈ పాఠము ముఖ్యముగా మీకే. ఇంటిపని ఆడపిల్లలదని యెంచకుడు. శిష్యుల పాదములను కడిగిన ప్రభువు పళ్లెమును, తువాలును తానే పట్టుకొనెను. తల్లులారా, మీ కుమారుడు వంకరగా మడిచిన దుప్పటిని వాని యెదుటనే మరల మడువకుడు. వాడు తిరిగి ముట్టుకొనడు.

5. ఒక హెచ్చరిక

పని మందువంటిది, మితిమీరినచో అదియు కలతయే యగును. మార్త తప్పు పనిచేయుట కాదు. అనేక పనులనుగూర్చి విచారపడి తొందరపడుట. ఏలీయా చెట్టు క్రింద కూలబడి ప్రాణము విసిగినప్పుడు, దూత ఆయనకు పని చెప్పలేదు. రొట్టెయు నీరును ఇచ్చి మరల నిద్రింపనిచ్చెను. మిక్కిలి అలసినవారికి మొదట విశ్రాంతి కావలెను. దుఃఖము వారములు గడిచినను తీరక, తిండియు నిద్రయు చెడినయెడల, చీపురు చాలదు. వైద్యుని సలహా పొందవలెను. 2022లో భారతప్రభుత్వము మొదలిడిన టెలిమానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అట్లు అడుగుట అవిశ్వాసము కాదు, సిగ్గుపడదగినదియు కాదు.

అభ్యాసము

1. మీ యింట పది నిమిషములలో ముగియు పనులు ఐదు వ్రాయుము. వానిలో ఒకటి ఈ వారమంతయు నీవే చేయుము.
2. ఒక దినము మీ యింట ఎవరు ఎన్ని నిమిషములు ఇంటిపని చేసిరో పట్టిక వ్రాసి, భోజనవేళ అందరికిని చదివి వినిపింపుము.
3. శనివారము సాయంకాలము మీ యింట నీరు నిలిచిన పాత్రలెన్నియో లెక్కించి, పారబోసి, తోముము.
4. కోపము వచ్చిన ఒక వేళ బదులు చెప్పుటకు మునుపు ఒక చిన్న పని ముగించి చూడుము. ఏమి జరిగెనో నీ పుస్తకములో వ్రాసికొనుము.

ఆ అక్టోబరు ఉదయమున మా తల్లిగారు పలికిన మాటయే ఈ పాఠమునకంతటికిని సారాంశము: ఇల్లంతా చూడకుము, ఈ గట్టు చూడుము.