ముల్లు చెప్పేది నిజమేనా? - పాత కారు టెంపరేచర్ మీటరు పరీక్ష



ఈ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు అడిగారు. ఏం రాద్దామా అని ఆలోచిస్తే, మాకు పుస్తకాల కంటే ముందు మా బాపు నడిపిన డీజిల్ అంబాసిడర్ కారు గుర్తుకొచ్చింది. మన హాస్టల్లో డ్రైవర్ల పిల్లలున్నారు, షెడ్డుల్లో పనిచేసేవాళ్ళ తమ్ముళ్ళున్నారు, వేసవి సెలవుల్లో స్పానరు పట్టినవాళ్ళూ ఉన్నారు. అందుకే కారులోని ఒక చిన్న ముల్లు గురించి రాస్తున్నాం. ఆ ముల్లు హెచ్ వైపు పోయినప్పుడు చెడింది మీటరా, ఇంజనా అని తేల్చుకోవడం ఎలాగో ఇందులో చెబుతాం. బడిలో ఉష్ణం పాఠం, విద్యుత్ పాఠం చదివినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది.

మీటరు ఎలా పనిచేస్తుంది?

ఇంజను వేడిని నీళ్ళు మోస్తాయి. ఆ నీళ్ళు తిరిగే దారిలో, ఇంజను హెడ్డు దగ్గర, బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి బిగించి ఉంటుంది. దాని పేరు సెండర్. షెడ్డుల్లో సెన్సార్ అనే అంటారు. దాని లోపల థర్మిస్టర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. మామూలు లోహపు తీగను వేడిచేస్తే నిరోధం పెరుగుతుంది. ఈ బిళ్ళ గుణం తలకిందులు: వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. ఈ గుణాన్ని 1833లో మైఖేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్ అనే పదార్థంలో గమనించాడు. ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ, కుట్టవలసిన పుస్తకాలనే చదివి శాస్త్రవేత్త అయ్యాడు.

బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు మీటరు గుండా, ఒక్క వైరు ద్వారా సెండర్‌కు వచ్చి, అక్కడి నుంచి ఇంజను ఇనుములోకి, అంటే ఎర్త్‌లోకి పోతుంది. నీళ్ళు చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ, కరెంటు తక్కువ, ముల్లు సి దగ్గర ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే నిరోధం తక్కువ, కరెంటు ఎక్కువ, ముల్లు హెచ్ వైపు కదులుతుంది. ఇది ఓమ్ నియమమే.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ముల్లు నేరుగా వేడిని చూడదు, తన గుండా పోయే కరెంటును మాత్రమే చూస్తుంది. నీళ్ళు కాగినా కరెంటు పెరుగుతుంది. వైరు తోలు ఊడి బాడీకి తగిలినా కరెంటు పెరుగుతుంది. ముల్లుకు ఈ రెంటికీ తేడా తెలియదు. ఆ తేడా తెలుసుకోవలసింది మనమే.

మా ఇంట్లో జరిగింది

2015 వేసవిలో మా బాపు నడిపే కారులో ముల్లు పిచ్చిగా ఎగరడం మొదలుపెట్టింది. గుంతలో చక్రం పడగానే నాలుగైదు సెకన్లలో హెచ్ దాకా పోయేది, మళ్ళీ దిగేది. షెడ్డుకు తీసుకుపోతే రేడియేటర్ విప్పి కడిగారు, థర్మోస్టాట్ తీసి పారేశారు, వాటర్ పంపు మార్చారు. ఆ విప్పడం బిగించడంలో వైరు పక్కకు జరిగిందేమో, ముల్లు ఎగరడం దానంతటదే ఆగింది. అసలు లోపం ఎవరూ చూడలేదు. మెకానిక్ చివరికి ఒక మాట అన్నాడు: "అన్నా, గా మీటరు పాతది. దాని మాట పట్టించుకోకు."

ఆ మాట బాపు మనసులో ఉండిపోయింది.

2016 ఫిబ్రవరిలో మేడారం జాతర. 17 నుంచి 20 వరకు జరిగింది. బాపు వరంగల్ నుంచి ఒక కుటుంబాన్ని, వాళ్ళ బంగారం బెల్లంతో సహా ఎక్కించుకుని బయలుదేరారు. ములుగు దాటాక, పస్రా నుంచి తాడ్వాయి దారిలో బండ్లు చీమల బారులా కదులుతున్నాయి. ముల్లు మెల్లమెల్లగా, పావుగంట పట్టి, హెచ్ దాకా పాకింది. "ఇది అబద్ధాలకోరు ముల్లు" అనుకుని బాపు ఆపలేదు. కాసేపటికి అది దానంతటదే కిందికి దిగింది. "చూసిన్రా, నేను చెప్పలే" అని వెనక కూర్చున్నవాళ్ళతో నవ్వుతూ అన్నారట. మరో రెండు కిలోమీటర్లకు ఇంజను పట్టేసింది.

కింది హోస్ పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. హెడ్ గ్యాస్‌కెట్ కాలిపోయింది, హెడ్డు వంగింది. వాళ్ళు బస్సెక్కి అమ్మవార్ల దగ్గరకు పోయారు. బాపు రాత్రంతా కారు దగ్గరే ఉన్నారు. బాగు చేయించిన ఖర్చును కారు ఓనరు పది నెలలపాటు జీతంలో పట్టుకున్నాడు. అక్క చదువు ఇంటర్‌తో ఆగింది. మేము అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నాం. తిండి, పుస్తకాలు హాస్టల్లో దొరికాయి కాబట్టి మా చదువు ఆగలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమొక్కరమే కావడానికి ఇదీ ఒక కారణం.

లెక్క వేసి చూద్దాం

ఆ రెండు సందర్భాలకు తేడా ఎలా తెలుస్తుంది? ఉష్ణం పాఠంలోని లెక్క చాలు. కారులో 8 లీటర్ల నీళ్ళు ఉన్నాయనుకుందాం. అవి 80 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు పోవాలంటే 8 × 4200 × 30, అంటే సుమారు 10 లక్షల జౌళ్ళ ఉష్ణం కావాలి. అది 5 సెకన్లలో రావాలంటే 200 కిలోవాట్ల చొప్పున వేడి నీళ్ళలోకి చేరాలి. ఆ డీజిల్ ఇంజను మొత్తం శక్తే సుమారు 40 హార్స్ పవర్, అంటే 30 కిలోవాట్లు. పూర్తి బరువు మీద నడిచేటప్పుడు నీళ్ళలోకి పోయే వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది. రేడియేటర్ అసలే పనిచేయలేదనుకున్నా అర నిమిషం పైన పడుతుంది. ఇంజను ఇనుము కూడా వేడెక్కాలి కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది.

కాబట్టి మొదటి సూత్రం: ముల్లు గభాలున ఎగిరితే వైరును అనుమానించండి, మెల్లగా పాకితే ఇంజనును అనుమానించండి.

రెండో సూత్రం ఇంతకంటే ముఖ్యం. హెచ్ దాకా పోయిన ముల్లు ఏ కారణమూ లేకుండా దిగిపోతే సంతోషించవద్దు. నీళ్ళు కారిపోతే సెండర్ చుట్టూ గాలి, ఆవిరి మాత్రమే మిగులుతాయి. నీళ్ళు తాకినంతగా అవి వేడిని అందించలేవు. అందువల్ల ఇంజను కాలిపోతున్నా ముల్లు తక్కువ చూపవచ్చు. బండి వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపాలి.

పరీక్షించే పద్ధతి

ముందుగా జాగ్రత్త. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎప్పుడూ తీయరాదు. ఆ మూత ప్రెషర్ కుక్కర్ మూత వంటిది. లోపల ఒత్తిడి ఉండటం వల్ల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణం ఒత్తిడి పడిపోయి, ఆవిరితో కలిసి ముఖాన కొడతాయి. చేయి పెట్టేంత చల్లబడ్డాకే తీయాలి.

1. మొదట నీళ్ళు చూడండి. మీటరు మీద అనుమానం ఎంత ఉన్నా, ముందు నీళ్ళు, హోసులు, ఫ్యాన్ బెల్టు చూడాలి. ఇంజను బాగుందని తేలిన తర్వాతే మీటరును తప్పుపట్టాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

2. డీజిల్ మీటరు ముల్లును కూడా చూడండి. చాలా పాత కార్లలో ఈ రెండు మీటర్లకు కరెంటు ఒకే వోల్టేజి స్టెబిలైజర్ నుంచి వస్తుంది. రెండు ముళ్ళూ ఒకేసారి ఎక్కువో తక్కువో చూపిస్తే ఆ స్టెబిలైజర్, దాని ఎర్త్, ఫ్యూజు చూడాలి. టెంపరేచర్ ముల్లు ఒక్కటే తేడాగా ఉంటే కింది పరీక్షలకు పోవాలి.

3. వైరు పరీక్ష. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి, సెండర్ మీది వైరు పీకండి. ముల్లు సి వైపు పడిపోవాలి. పడకుండా పైనే ఉంటే వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా మీటరు చెడింది. తర్వాత ఆ వైరు కొనను ఇంజను ఇనుముకు రెండు మూడు సెకన్లు మాత్రం తాకించండి. ముల్లు హెచ్ వైపు కదలాలి, కదలగానే తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే మీటరు కాలుతుంది. కదిలితే మీటరు, వైరు రెండూ బాగున్నట్టే. అసలు కదలకపోతే వైరు తెగిందో, ఫ్యూజు పోయిందో, మీటరు చెడిందో చూడాలి. పక్కన ఇంకొకరు కూర్చుని ముల్లును చూస్తే పని సులువు.

4. సెండర్ పరీక్ష. చల్లని ఇంజను నుంచి సెండర్ విప్పి, గిన్నెలో నీళ్ళు పోసి, ఇత్తడి కొన మునిగేలా దారంతో వేలాడదీయండి. మల్టీమీటరు ఒక తీగ సెండర్ కొప్పుకు, రెండోది దాని ఒంటికి పెట్టి నీళ్ళు కాగబెట్టండి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల ఓములు, మరిగేటప్పటికి కొన్ని పదుల ఓములు రావడం మామూలు. కంపెనీని బట్టి అంకెలు మారతాయి. అంకె ఒకే వరసలో దిగుతోందా లేదా అన్నది ముఖ్యం. ఆగి ఆగి గెంతితే సెండర్ మార్చాలి.

5. ఎర్త్ చూడండి. సెండర్‌కు విడిగా ఎర్త్ వైరు ఉండదు, మరలే దాని ఎర్త్. నీళ్ళు కారకూడదని మర చుట్టూ తెల్ల టేపు దట్టంగా చుడితే కరెంటు దారి చెడి ముల్లు తక్కువ చూపుతుంది. మర తుప్పుపట్టినా ఇదే జరుగుతుంది.

6. ముల్లు ఎప్పుడూ సి దగ్గరే ఉంటే థర్మోస్టాట్‌ను గుర్తుచేసుకోండి. అది తెరిచే ఉండిపోయినా, ఎవరో తీసి పారేసినా ఇంజను కావలసినంత వేడెక్కదు. అప్పుడు ముల్లు నిజమే చెబుతోంది. ఇంజను చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. థర్మోస్టాట్ తీసేయడం వైద్యం కాదు.

ఈ పరీక్షలన్నీ సరిగా ఉంటే ముల్లు నిజం చెబుతోందని నమ్మి ఇంజను సంగతి చూడాలి. ఒక హెచ్చరిక: కంప్యూటర్ ఉన్న కొత్త కార్లలో సెన్సార్ వైరును ఇనుముకు తాకించవద్దు. వాటికి స్కానర్ పెట్టి చూడాలి. షెడ్డుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో థర్మోస్టాట్ ఉన్నచోట కొలిస్తే ఏ కారులోనైనా ముల్లు మాటను సరిపోల్చుకోవచ్చు. కరోనా కాలంలో నుదుటికి పెట్టిన థర్మామీటరు ఇందుకు పనికిరాదు, అది శరీర ఉష్ణోగ్రత దాకే కొలుస్తుంది.

చివరగా

మేడారం దారిలో ఇంజను పోయాక షెడ్డులో సెండర్‌నే తప్పుపట్టి కొత్తది వేశారు. పాతదాన్ని బాపు పారేయకుండా సామాన్ల డబ్బాలో దాచారు. అంబాసిడర్లు తయారుచేసిన ఉత్తరపరా కర్మాగారం 2014లోనే మూతపడింది కాబట్టి, పాత సామాను ఏదీ పారేయబుద్ధి కాదని ఆయన అనేవారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రంలో చేరాక, ఒక సెలవు రోజు ఇంట్లో ఆ సెండర్‌ను నీళ్ళ గిన్నెలో వేలాడదీసి పరీక్షించాం. నీళ్ళు కాగేకొద్దీ అంకె ఎక్కడా గెంతకుండా, మెట్లు దిగినట్టు దిగింది. సెండర్‌లో ఏ లోపమూ లేదు. ఆ రోజు ముల్లు నిజమే చెప్పింది.

బాపు చాలాసేపు ఆ మల్టీమీటరు వంకే చూశారు. "అయితే తప్పు నాదే గదరా" అన్నారు.

"కాదు బాపూ, మొదటిసారి వైరు చూడకుండ మీటరును తిట్టినోళ్ళది" అన్నాం.

మిత్రులారా! ముల్లు ఒక్కసారి తప్పు చెబితే, ఎందుకు తప్పు చెప్పిందో తేల్చకుండా వదలకండి. తేల్చకుండా వదిలేస్తే, అది నిజం చెప్పిన రోజున మనం నమ్మం. పరీక్షలన్నింటికీ కలిపి కావలసింది ఒక మల్టీమీటరు, ఒక గిన్నె నీళ్ళు, అరగంట సమయం. ఇంటికి పోయినప్పుడు మీ నాన్నకో, మామకో, అన్నకో ఈ పేజీ చదివి వినిపించండి.

- పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్