ఎన్నేళ్ల లెక్కలుంటే సరిపోతుంది?



మన జుక్కల్ హాస్టల్ నుండి వెళ్లి డిగ్రీ, పీజీలలో ఆర్థికశాస్త్రం చదివేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: దేశం, రాష్ట్రం స్థాయి లెక్కలతో మోడల్ వేయాలంటే శాంపిల్ ఎంత ఉండాలి? ముందుగా మేము చేసిన పొరపాటు చెబుతాం.

పీజీ ప్రాజెక్టులో తెలంగాణ రాష్ట్ర స్థూల ఉత్పత్తిని అంచనా వేయబోయాం. 2011-12 నుండి 2023-24 వరకు 13 సంవత్సరాల లెక్కలు తీసుకున్నాం. వర్షపాతం, సాగు విస్తీర్ణం, బ్యాంకు రుణాలు, కరెంటు వాడకం, ధరలు, ప్రభుత్వ ఖర్చు అని 6 కారణాలు పెట్టాం. జవాబు చక్కగా సరిపోయింది. సంబరపడ్డాం. చివరి సంవత్సరం తీసేసి మళ్లీ చేయమన్నారు గైడ్ సార్. ఈసారి వానలు పెరిగితే ఉత్పత్తి తగ్గుతుందని వచ్చింది!

ఎందుకిలా? 6 కారణాలకు 6 గుణకాలు, ఒక స్థిరాంకం, మొత్తం 7. 13లో 7 పోతే మిగిలేవి 6. వీటినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం అంటారు. ఇవి తక్కువైతే మోడల్ బట్టీ పట్టిన విద్యార్థిలాంటిదే. పాత ప్రశ్నలకు జవాబు చెబుతుంది, కొత్త ప్రశ్నకు తడబడుతుంది.

సర్వేలో 100 ఇళ్లు చాలకపోతే 400 ఇళ్లు తిరగవచ్చు, పొరపాటు సగమవుతుంది. సంవత్సరాలను అలా పెంచలేం కదా! మన కామారెడ్డి జిల్లా ఏర్పడిందే 2016లో. దేశ జీడీపీకి 1996-97 నుండి మూడు నెలల లెక్కలున్నాయి. కానీ ఒకే సోయా చేనును సీజనులో నాలుగుసార్లు చూస్తే నాలుగు పంటలు చూసినట్టు కాదు. 1950-51 వరకు వెనక్కి వెళ్లవచ్చు. అయితే 1991 సంస్కరణలతో ఆర్థిక వ్యవస్థ నడకే మారింది.

అందుకే మూడు మాటలు గుర్తుంచుకోండి.

1. శాంపిల్ చిన్నదైతే కారణాలు తగ్గించండి. ఒక్కో గుణకానికి 10 పరిశీలనలు అనేది మోటు లెక్క మాత్రమే.
2. 2020-21 కరోనా సంవత్సరాన్ని తీసి, పెట్టి, రెండు విధాలా చూడండి.
3. అంచనాతో పాటు అది ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాయండి.

ధరల అంచనా తప్పితే మెస్ చార్జీలు పప్పుకు చాలవు. దిగుబడి అంచనా తప్పితే దెబ్బ తగిలేది చేలో ఉన్న మన అమ్మానాన్నలకే. 13 సంవత్సరాలతో ఇంతకంటే చెప్పలేమని రాస్తే మార్కులు పోతాయని భయపడకండి. మేము చివరికి రెండు కారణాలే ఉంచి, ఆ మాటే రాసి ప్రాజెక్టు ఇచ్చాం.