అనుకోని గర్భం: ఇంటివారు తెలుసుకోవలసినవి



బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల పట్నంలో క్వార్టరుకూ క్వార్టరుకూ మధ్య గోడ ఒక్కటే. ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లో వినబడుతుంది. అందుకే ఒక ఆడపిల్లకు నెల తప్పిందని తెలిస్తే, ఇంటివారికి ముందుగా గుర్తుకు వచ్చేది ఆ పిల్ల ఆరోగ్యం కాదు, పక్కింటివాళ్లు. ఇది పెళ్లికాని పిల్లల సంగతి మాత్రమే అనుకోకండి. ఇద్దరు చాలనుకొన్న తరువాత మూడోసారి కడుపుతో ఉన్న ఇల్లాలు, భర్త విడిచిపోయాక గర్భం సంగతి తెలిసిన తల్లి కూడా ఇదే బాధలో ఉంటారు. వారిని ఎవరూ అడగరు, వారూ ఎవరికీ చెప్పుకోరు.

బిడ్డ నోరు విప్పి మీకు చెప్పిందంటే, అంతకుముందు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపిందో ఆలోచించండి. "ఎవడు వాడు?" అన్న ప్రశ్నను ఆ పూటకు ఆపండి. "కూసో బిడ్డా, ముందు ఇంత తిను" అని అవ్వ అన్న మాట ఆ పిల్ల ప్రాణాన్ని నిలబెడుతుంది. దిక్కులేదనుకొన్న పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు కనుక ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకండి. బాపు కోపం తెల్లారిన తరువాత చల్లారినా నష్టం లేదు.

తరువాత చేయవలసింది డాక్టరు దగ్గరకు వెళ్లడం. మూత్ర పరీక్ష కార్డు మందుల షాపులో దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గరా ఉంటుంది. వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి "నెలే అయింది" అనే పిల్లకు ఆరు వారాలు దాటి ఉండవచ్చు. షాపులో అడిగి తెచ్చిన బిళ్లలు, ఎవరో ఇచ్చిన పసరు మాత్రం వద్దు. గర్భం గర్భసంచిలో కాక అండవాహికలో నిలిచి ఉంటే ఆ బిళ్లలు దాన్ని ఆపలేవు. లోపల రక్తస్రావమై తల్లి ప్రాణమే పోవచ్చు.

గర్భస్రావాన్ని శ్రీసభ అంగీకరించదు, ఈ పత్రిక చదివేవారికి అది తెలిసినదే. అయినా చట్టం ఏమి చెబుతుందో ఇంటివారికి తెలిసి ఉండాలి, తెలియకపోతే దొంగ వైద్యుడి మాటే చట్టమవుతుంది. 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. దాని ప్రకారం చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, కొన్ని ప్రత్యేక పరిస్థితులలో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఆమె సమ్మతి లేకుండా గర్భం తీయించడం ఘోర నేరం, యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చు. "పరువు కోసం" పిల్లను లాక్కుపోయే అన్నలు, మేనమామలు ఇది గుర్తుంచుకోవాలి.

పిల్లకు 18 ఏళ్లు నిండకపోతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. గుట్టుగా పెళ్లి చేసి సరిపెడదామనుకుంటే అది బాల్యవివాహమనే రెండో నేరం. 1098కి ఫోను చేయండి. పెద్దవారికి 181 ఉంది, జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంది.

బిడ్డను కంటానంటే ఖర్చుకు భయపడనక్కరలేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, భోజనం, రాకపోకల బండి అన్నీ ఉచితం. పెళ్లయిందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. బిడ్డ తండ్రి తప్పించుకొన్నా బాధ్యత తప్పదు. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ తండ్రి నుంచి పోషణ ఖర్చు కోరే హక్కు చట్టంలో ఉంది.

పెంచలేనని ఆమె అంటే దత్తత ఉంది. కానీ ఆసుపత్రి ఆయా చేతిలోనో, పిల్లలు లేని ఏ దంపతుల చేతిలోనో పెట్టి రావడం దత్తత కాదు. డబ్బు చేతులు మారితే అది అమ్మకమే, జైలు శిక్ష ఉన్న నేరం. బిడ్డను జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించాలి. తల్లి అవివాహిత అయితే ఆమె సంతకం చాలు. ఆమె వివరాలు బయట పెట్టరు. అన్నిటికంటె ముఖ్యమైనది, మనసు మారితే బిడ్డను తిరిగి తీసుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. కాన్పయిన మర్నాడే జీవితకాలపు నిర్ణయం తీసుకోమని ఎవరూ బలవంతం చేయరాదన్నదే ఆ గడువు ఉద్దేశం. క్రైస్తవులకు దత్తత చట్టం లేదనే మాట ఇంకా వినిపిస్తుంటుంది. ఏ మతంవారైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. బిడ్డలు లేని మన విచారణ దంపతులు ఈ మాట వినాలి.

ఇక విచారణ సంగతి. ఆ పిల్ల గుడికి రావడం మానేసిందంటే చాలాసార్లు కారణం మన చూపులే. గర్భస్రావం జరిగిపోయిన స్త్రీలను ఉద్దేశించి రెండవ జాన్ పాల్ పాపుగారు 1995 నాటి విశ్వలేఖలో నిరాశపడవద్దని రాశారు. ఆ పాపాన్ని క్షమించే అధికారాన్ని ఫ్రాన్సిస్ పాపుగారు 2016లో గురువులందరికీ ఇచ్చారు. పాపసంకీర్తనం చెప్పుకోవడానికి మేత్రాసనం దాకా పోవాలేమో అని జంకేవారు ఇప్పుడు జంకనక్కరలేదు.

బిడ్డ పుట్టాక 21 రోజులలోపు జనన నమోదు చేయించండి, అది ఉచితం. తండ్రి పేరు చెప్పనిదే పత్రం ఇవ్వమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఢిల్లీలో ఒక అవివాహిత క్రైస్తవ తల్లి తన కొడుకు కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 జులైలో తీర్పు ఇచ్చింది. అవివాహిత తల్లి ప్రమాణపత్రం ఇస్తే చాలు, జనన ధృవపత్రం ఇవ్వాలని చెప్పింది. జ్ఞానస్నానం రిజిస్టరు విషయంలోనూ శ్రీసభ నియమం అంతే. తండ్రి తానే విచారణ గురువు ముందు, ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకొన్నా, ప్రభుత్వ పత్రంతో రుజువైనా అతని పేరు రాస్తారు. లేకపోతే తండ్రి పేరు ప్రస్తావన లేకుండానే బిడ్డ పేరు నమోదు చేస్తారు.