నడవమని చెప్పడం కూడా నేర్వవలసిన విద్యే



ఓ.పి.లో చీటీ రాయించుకొని బయటికి వచ్చే బి.పి., షుగరు రోగులలో చాలామందికి చివర్లో ఒక మాట వినబడుతుంది: "రోజూ వాకింగ్ చేయండి." అన్నవారు మరుసటి రోగి వైపు తిరుగుతారు, విన్నవారు మందుల కౌంటరు వైపు తిరుగుతారు. మాత్ర అయితే ఎన్ని, ఎప్పుడు, అన్నానికి ముందా తరువాతా అని రెండు మూడుసార్లు చెబుతాము. నడకకు ఆ లెక్క ఎవరూ చెప్పరు. అందుకే ఈ నెల పాఠం రోగులకే కాక, వార్డులలో శిక్షణ పొందుతున్న నర్సింగ్ విద్యార్థినులకు, వారిని చదివిస్తున్న సంఘ కుటుంబాలకు కూడా కలిపి రాస్తున్నాము.

నర్సింగ్ చదువు చాలా కాలం మంచం చుట్టూ తిరిగింది. మేము డిప్లొమా చదివిన రోజుల్లో దుప్పటి మూల ఎలా మడవాలి, కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ఎలా పక్కకు తిప్పాలి అన్నవి చేతికి వచ్చేదాకా వదిలేవారు కారు. ఆ విద్య నేటికీ అవసరమే. కాని రోగిని మంచం మీద నుంచి లేపడం కూడా చికిత్సే అని వైద్యులకే ఆలస్యంగా తెలిసింది. పూర్వం గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి కాలు కింద పెట్టనిచ్చేవారు కారు. 1952లో అమెరికాలో డాక్టర్ శామ్యూల్ లెవిన్, డాక్టర్ బెర్నార్డ్ లౌన్ అటువంటి రోగులను త్వరగా కుర్చీలో కూర్చోబెట్టడమే మేలని రాశారు. మరుసటి ఏడు, 1953లో, డాక్టర్ జెర్రీ మోరిస్ లండన్‌లోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి తన ఫలితాలు ప్రచురించారు. రోజంతా సీటులో కూర్చొనే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనబడింది. బస్సు ఒకటే, దారి ఒకటే. కూర్చున్నవారికీ తిరిగినవారికీ అంత తేడా! క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లలు మరచిపోరు, రోజూ బస్సులో వచ్చిపోయేవారే గనుక.

మన దేశం లెక్క కూడా వారికి తెలియాలి. ఐ.సి.ఎం.ఆర్. వారి అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగరు వ్యాధి ఉందనీ, మరో 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారనీ అది చెప్పింది. ఈ అంచున ఉన్నవారి మీదే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. నడక, ఆహార నియమం పాటించినవారిలో షుగరు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకొన్నవారిలో 26.4 శాతం తగ్గింది. అంటే నడక, తిండి కలిసి మాత్రకు తీసిపోలేదు. అటువంటప్పుడు మాత్ర గురించి చెప్పినంత శ్రద్ధగా నడక గురించి చెప్పడం నేర్పకపోతే చదువులో సగం విడిచిపెట్టినట్టే గదా.

ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు కావాలి. ముసలివారు పడిపోకుండా ఉండేందుకు వారానికి మూడు రోజులు నిలకడ సాధన కూడా చేయాలి. ఒకేసారి చేయలేకపోతే పదేసి నిమిషాలుగా విడగొట్టుకున్నా లెక్కలోకి వస్తుంది.

ఈ అంకెలు ఏ విద్యార్థిని అయినా ఒక్క రాత్రిలో బట్టీ పట్టగలదు. కష్టమంతా ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడే వస్తుంది. మా దగ్గర విద్యార్థినులు ఇద్దరిద్దరుగా కూర్చొని ఒకరు నర్సుగా, ఒకరు రోగిగా మాట్లాడి అలవాటు చేసుకుంటారు. ఒకసారి రోగిగా కూర్చున్న అమ్మాయి తన తల్లి మాటలే అన్నది: "వాకింగ్ అంటే బూట్లేసుకొని కోమటి చెరువు కట్ట మీద తిరుగుడు. బీడీలు చేసేటోళ్లకు అదెక్కడిదమ్మా?" నర్సుగా కూర్చున్న పిల్ల నోట మాట రాలేదు.

సిద్దిపేట, దుబ్బాక చుట్టుపక్కల ఇదే నిజం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని మన అక్కచెల్లెళ్లు పొద్దుగాల కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవరు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి గనుక లేచిన ప్రతి నిమిషానికీ పైసలు పోతాయి. మెడ నొప్పి, నడుము నొప్పి అని వస్తారు, పరీక్ష చేస్తే షుగరు బయటపడుతుంది. అటువంటి అక్కకు "అరగంట వాకింగ్" అని చెప్పి పంపితే మనం చెప్పింది ఆమెకు పనికిరాదు. రెండు వందల బీడీలైనాక చాట పక్కన పెట్టి లేవమనాలి. గోడ పట్టుకొని మడమలు పదిసార్లు పైకెత్తమనాలి, వాకిట్లో నాలుగుసార్లు అటూ ఇటూ తిరగమనాలి. ఆకు, తంబాకు తేవడానికి, బీడీలు అప్పజెప్పడానికి పోయేటప్పుడు ఆటో ఎక్కకుండా పోగలవా అక్కా అని అడగాలి. ఒంటరిగా రోడ్డు మీద నడవడానికి సిగ్గుపడేవారుంటారు. స్త్రీల మైత్రి కూడిక అయినాక నలుగురు కలిసి ఇంటిదాకా నడిస్తే ఆ సిగ్గు ఉండదు.

రైతుల దగ్గర మరొక చిక్కు. "పొలం పని చేసేటోన్ని, నాకు నడకెందుకు బిడ్డా?" అని తాతలు అడుగుతారు. నాట్లు వేసే రోజుల్లో ఆ మాట నిజమే. కాని దున్నడానికి ట్రాక్టరు, కోయడానికి మిషను, పొలానికి పోవడానికి మోటారు సైకిలు వచ్చినాక ఏడాదిలో చాలా నెలలు ఒళ్లు కదలడం లేదు. తిండి మాత్రం నాగలి పట్టిన నాటిదే. ఈ మాట వాదనగా అంటే తాత చిన్నబుచ్చుకుంటాడు. "నిన్న ఏమేం పని చేసినవ్ తాతా?" అని అడిగి వింటే తానే లెక్క చెబుతాడు. ప్రశ్న వేసి ఊరుకోవడం మా పిల్లలకు అన్నిటికంటే కష్టంగా వచ్చే పాఠం.

బి.పి., నాడి చూసిన తరువాత రెండు ప్రశ్నలు అడగాలని వారికి నేర్పుతున్నాము: వారంలో ఎన్ని రోజులు ఒళ్లు వెచ్చబడేంత వేగంగా నడుస్తారు, రోజుకు ఎన్ని నిమిషాలు? రెండింటినీ గుణించి చీటీ మీద రాయాలి. అమెరికాలో కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు 2009 నుంచి ఇలాగే అడిగి నమోదు చేయడం మొదలుపెట్టాయి. దీనికి యంత్రం అక్కరలేదు, ఒక్క నిమిషం చాలు. మరుసారి వచ్చినప్పుడు బి.పి. అంకె పక్కన ఈ అంకె కూడా కనబడుతుంది. సున్నా ఉన్నచోట 30 కనబడితే మెచ్చుకోవాలి, 150 కాలేదని కసరకూడదు.

వేగం సరిగా ఉందో లేదో తెలుసుకొనే ఉపాయం సంఘంలో అందరికీ తెలిసేటట్టు చెబుతున్నాము. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కీర్తన మాత్రం పాడలేకపోవాలి. ఎమ్మాయుకు వెళ్లిన ఇద్దరు శిష్యులు ఆమడ దూరం మాట్లాడుకుంటూ నడిచారని లూకా సువార్తలో చదువుతాము. వారు వెంటనే లేచి తిరిగి యెరూషలేముకు కూడా వచ్చారు!

విద్యార్థినుల గురించి తల్లిదండ్రులతో ఒక మాట. తానే నడిచే వైద్య సిబ్బంది రోగికి నడక గురించి ఎక్కువగా చెబుతారని పలు పరిశోధనలలో తేలింది. సెలవులకు వచ్చిన కూతురిని "చదివి అలసిపోయింది" అని కూర్చోబెట్టి ఫోను చేతికివ్వకండి. మీతో పాటు నడిపించండి, మీ బి.పి. ఆమెతోనే చూపించుకోండి.

ఎవరిని నడవమనే ముందు డాక్టరుగారి దగ్గరికి పంపాలో కూడా పిల్లలకు రావాలి. నడిస్తే ఛాతీలో బరువు, నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకంటే ఎక్కువ ఆయాసం ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు, కాలికి పుండు ఉన్నవారు ముందు పరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్ గాని గ్లిమిపిరైడ్ వంటి మాత్ర గాని వాడేవారు పరగడుపున నడవకూడదు. కొంగున గాని జేబులో గాని చక్కెర ఉంచుకోవాలి. ఒళ్లు వణికి చెమటలు పడితే వెంటనే నోట్లో వేసుకోవాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు ఉత్త కాళ్లతో అడుగు పెట్టరాదు. కుష్ఠు రోగుల కోసం వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం వాడుకలోకి తెచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులే ఈనాడు షుగరు రోగుల పాదాలను కూడా కాపాడుతున్నాయి. నడిచి వచ్చినాక అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంట్లో మనుమరాలితో చూపించుకోవాలి.

ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మా విద్యార్థిని ఈ రెండు ప్రశ్నలు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆమె అడగడం మరచిపోతే మీరే గుర్తు చేయండి, మీ చీటీ మీద ఆ అంకె రాయించుకొని వెళ్లండి.