నిలుకడ లేని బాలుడు: తల్లిదండ్రుల కర్తవ్యము

బడిలో పది నిమిషములు కుదురుగా కూర్చుండడు, పుస్తకము మరచి వచ్చును, పిలిచినను వినడు. ఇట్టి బాలుని దండించుటయో, గాలి సోకినదని తాయెత్తు కట్టుటయో పల్లెలలో కద్దు. ఈ లక్షణములు 12 ఏండ్లలోపే పొడసూపి, ఇంటను, బడిలోను 6 నెలలకు పైగా కానవచ్చుచు, చదువునకు ఆటంకమగుచున్నచో, అది ఏ.డి.హెచ్.డి. అను అవధాన లోపము కావచ్చును. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది, తరచు వంశానుగతము. మొండితనము కాదు, పెంపకపు దోషమును కాదు. ఆడపిల్లలలో అల్లరి లేక పరధ్యానము మాత్రమే ఉండుటచే తరచు ఆలస్యముగా గుర్తింపబడును.

“దూడకు గడ్డి వేసి, చెంబు తెచ్చి, లెక్కలు చేయుము” అని ఒక్కసారిగా చెప్పరాదు. దగ్గరకు పోయి ఒక్క పని చెప్పి, అది ముగిసిన పిదప రెండవది చెప్పవలెను. చదువును 15 నిమిషముల భాగములు చేసి, నడుమ నీరు తెచ్చుట, వేరుసెనగ కాయలు ఒలుచుట వంటి పనులకు లేపవలెను. చేసిన పనిని వెంటనే మెచ్చుకొనవలెను. నిదురకు నియత వేళ ఉండవలెను. ఉపాధ్యాయుడు ఇట్టివారిని ముందు వరుసలో, కిటికీకి దూరముగా కూర్చుండబెట్టవలెను.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్ల లోపు పిల్లలకు చేయు ఉచిత పరీక్షలలో ఇదియు చేరియున్నది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 2022లో ఏర్పడిన టెలి మానస్ సలహా 14416 నెంబరున ఉచితముగా లభించును. చూపు, వినికిడి లోపములు లేవని ముందుగా తెలిసికొనవలెను. మందు అవసరమా, కాదా అనునది వైద్యుడే నిర్ణయించును. పోవునపుడు ఉపాధ్యాయుడు గమనించిన విషయములను వ్రాయించుకొని పోవుట మేలు.